నమ్మి వెళ్లినవాళ్లు తిరిగొస్తే తలుపు తీసేవాళ్లున్నారా?

నెల్లూరు నుంచి చెన్నై వైపు హైవే మీద వెళ్తుంటే గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట దాటాక తడ వస్తుంది. ఎడమ వైపు పులికాట్ సరస్సు, కుడి వైపు వరదయ్యపాళెం వెళ్లే రోడ్డు. ఒకప్పుడు తడ మన నెల్లూరు జిల్లాలో, వరదయ్యపాళెం చిత్తూరు జిల్లాలో ఉండేవి. 2022లో కొత్త జిల్లాలు వచ్చాక రెండూ తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. కల్కి భగవాన్ ఆశ్రమం అంటే ఈ ప్రాంతంలో తెలియనివాళ్లు ఉండరు. అది ఉన్నది ఆ రోడ్డులోనే.

2019 అక్టోబరులో ఆదాయపు పన్ను శాఖ ఈ ఆశ్రమానికి సంబంధించిన సుమారు 40 చోట్ల సోదాలు చేసింది. వరదయ్యపాళెం, చెన్నై, హైదరాబాద్, బెంగళూరు అన్నీ అందులో ఉన్నాయి. నగదు 43.9 కోట్ల రూపాయలు, 25 లక్షల అమెరికన్ డాలర్లు, 88 కిలోల బంగారు నగలు, 1,271 క్యారెట్ల వజ్రాలు దొరికాయని శాఖ ప్రకటించింది. లెక్కల్లో చూపని ఆదాయం 500 కోట్లకు పైనే అని చెప్పింది. ఆ వారమంతా మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే నవ్వులు. బాబాని నమ్మితే ఇంతే అని ఒకరు, చదువుకున్నవాళ్లకి కూడా బుద్ధి లేదని ఇంకొకరు.

ఆ డబ్బు ఇచ్చినవాళ్లు ఎవరు, వాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు, ఏమంటున్నారు అని మాత్రం అడిగినవాళ్లు చాలా తక్కువ. ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే. వరదయ్యపాళెంతో మొదలుపెట్టి, కండలేరు కాలువ పక్కగా పుట్టపర్తి వెళ్లి, చివరికి ఒంగోలు మీదుగా మన ఇంటికే వస్తాను. పక్కింటి సంగతి చూసి నవ్వుకునే ముందు మన ఇంటి తలుపు సంగతి చూసుకోవాలి కదా.

ఎల్ఐసీ క్లర్కు నుంచి భగవాన్ దాకా

కల్కి భగవాన్ అసలు పేరు విజయ్ కుమార్. ఎల్ఐసీలో క్లర్కుగా పనిచేశారు. 1984లో చిత్తూరు జిల్లా కుప్పం దగ్గర రాజుపేటలో జీవాశ్రమం అనే స్కూలు పెట్టారు. ఆ స్కూలు పిల్లలకి అద్భుత అనుభవాలు కలిగాయనే ప్రచారంతో 1980ల చివర్లో ఉద్యమం మొదలైంది. 1990ల మొదట్లో ఆయన తానే విష్ణువు పదో అవతారమైన కల్కినని చెప్పుకున్నారు. భార్య పద్మావతి అమ్మ అయ్యారు. తర్వాత ఇద్దరినీ కలిపి 'అమ్మ భగవాన్' అనే పిలిచేవాళ్లు.

అక్కడ ముఖ్యమైన విషయం దీక్ష. శిక్షణ తీసుకున్నవాళ్లు తల మీద చెయ్యి పెడితే మనిషి మెదడులో మార్పు వస్తుందని, బాధలు పోతాయని చెప్పేవాళ్లు. ఏ మతం వాళ్లయినా రావచ్చు, మతం మారక్కర్లేదు అని కూడా అనేవాళ్లు. ఐరోపా, అమెరికా నుంచి వచ్చినవాళ్లు వేల డాలర్లు కట్టి వారాల తరబడి కోర్సులు చేశారు. 2008లో వన్‌నెస్ టెంపుల్ పేరుతో పెద్ద పాలరాతి మందిరం తెరిచారు. దానికి కొద్ది నెలల ముందే, అదే ఏడాది జనవరిలో, దర్శనం కోసం వచ్చిన జనంలో తొక్కిసలాట జరిగి భక్తులు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

అన్నిటికంటే పెద్ద మాట ఒకటుంది. 2012 నాటికి స్వర్ణయుగం వస్తుందన్నారు. కొన్ని వేల మందికి జ్ఞానోదయం అయితే చాలు, ఆ ప్రభావంతో ప్రపంచమంతా మారిపోతుందన్నారు. 2012 వచ్చింది, వెళ్లిపోయింది. మన ఊళ్లో ఆక్వా రేట్లు ఎప్పటిలాగే పెరుగుతూ తగ్గుతూ ఉన్నాయి. ఉద్యమం మాత్రం మూతపడలేదు. పేర్లు మారాయి, కొడుకు, కోడలు ముందుకొచ్చారు, కోర్సులు కొత్త పేర్లతో నడిచాయి.

బయటికి వచ్చినవాళ్లు ఏం చెప్తారు?

ఈ ఉద్యమంలోనే కాదు, ఇలాంటి ఏ ఉద్యమంలోంచి బయటపడ్డవాళ్ల మాటలు విన్నా కొన్ని విషయాలు పదేపదే వినిపిస్తాయి.

మొదటిది, వాళ్లెవరూ మోసపోవడానికి వెళ్లలేదు. ఇంట్లో ఎవరో చనిపోయారు, పిల్లలు పుట్టలేదు, వ్యాపారం దెబ్బతింది, లేదా జీవితానికి అర్థం ఏమిటన్న వెతుకులాట. ఆ సమయంలో ఒకరు ఆప్యాయంగా పలకరించారు. పేరు పెట్టి పిలిచారు. పక్కన కూర్చొని విన్నారు. ఆ పలకరింపు మన మస్జిద్‌లోనో, మన బంధువుల్లోనో దొరికి ఉంటే చాలామంది అంత దూరం వెళ్లేవాళ్లే కాదు.

రెండోది, ఒక్కరోజులో ఎవరూ మొత్తం ఇచ్చెయ్యరు. మొదటి కార్యక్రమం ఉచితం, లేదా చాలా తక్కువ ఖర్చు. తర్వాత చిన్న కోర్సు, ఆ తర్వాత పెద్ద కోర్సు. ఆదివారం సేవ కాస్తా నెలంతా సేవ అవుతుంది. ఒక్కో మెట్టు చిన్నదే. వెనక్కి తిరిగి చూసేసరికి ఉద్యోగం లేదు, పొలం అమ్మేశారు, పాత స్నేహితులు దూరమయ్యారు.

మూడోది, అనుమానం వస్తే తప్పు నీదే. దీక్ష పనిచేయలేదంటే నీ మనసు శుభ్రంగా లేదు. జబ్బు తగ్గలేదంటే నీ నమ్మకం చాలలేదు. ఇలా చెప్తే ఆ సిద్ధాంతం ఎప్పటికీ ఓడిపోదు, మనిషే ఎప్పుడూ ఓడిపోతాడు.

నాలుగోది ఇక్కడ అన్నిటికంటే ముఖ్యం. చాలామందికి అనుమానం వచ్చిన రోజుకీ, బయటికి వచ్చిన రోజుకీ మధ్య ఏళ్లు గడిచాయి. తెలిసి కూడా ఎందుకు ఉండిపోయారు?

బీకాంలో మాకు మునిగిన ఖర్చు అని ఒక పాఠం ఉండేది. ఒక మిషన్ మీద ఇప్పటికే పెట్టిన డబ్బు తిరిగి రాదు. కాబట్టి ఇకముందు దాన్ని నడపాలా వద్దా అనే నిర్ణయంలో ఆ పాత డబ్బుని లెక్కలోకి తీసుకోకూడదు. పుస్తకంలో ఇది తేలికే. జీవితంలో ఎవరికీ సాధ్యం కాదు. పదేళ్ల వయసు, అమ్మిన పొలం, తెంచుకున్న బంధుత్వాలు అన్నీ పోసిన చోట "ఇది తప్పు" అని ఒప్పుకోవడం అంటే ఆ పదేళ్లనీ ఒక్కరోజులో నష్టం కింద రాసుకోవడం. చాలామంది దానికి బదులు ఇంకో ఏడాది చూద్దాం అనుకుంటారు.

1950లలో అమెరికాలో లియోన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు ప్రపంచం ఫలానా రోజున మునిగిపోతుందని నమ్మిన ఒక చిన్న బృందాన్ని దగ్గర నుంచి గమనించారు. ఆ రోజు వచ్చింది, ఏమీ జరగలేదు. అందరూ విడిపోతారని మనం అనుకుంటాం. కానీ నమ్మకం కోసం ఉద్యోగాలు, ఆస్తులు వదులుకుని ఒకచోట కలిసి ఉన్నవాళ్లు ఇంకా గట్టిగా నమ్మడం మొదలుపెట్టారు. 2012 తర్వాత కూడా వరదయ్యపాళెం రోడ్డు ఖాళీ కాకపోవడానికి కారణం ఇక్కడే వెతకాలి. ఒప్పుకుంటే వెళ్లడానికి ఇంకో చోటు ఉండాలి. ఆ చోటు లేనివాళ్లు ఒప్పుకోరు.

లెక్కల్లో కనపడని మనుషులు

మళ్లీ సోదాల దగ్గరికి వద్దాం. 2014-15 ఆర్థిక సంవత్సరం నుంచి వచ్చిన వసూళ్లలో సుమారు 409 కోట్లు పుస్తకాల్లోకి ఎక్కలేదని పన్ను శాఖ అంచనా వేసింది. ఇది శాఖ చెప్పిన లెక్క, కోర్టు తీర్పు కాదు, ఆ తేడా మర్చిపోకూడదు. తాము దేశం వదిలి పారిపోలేదని, ఇక్కడే ఉన్నామని భగవాన్ అప్పట్లో వీడియో విడుదల చేశారు.

అయితే ఆ లెక్క నిజమే అనుకుంటే దాని అర్థం ఏంటి? పుస్తకాల్లోకి ఎక్కని ప్రతి రూపాయి వెనక, సరైన రసీదు చేతికి రాని ఒక మనిషి ఉండే అవకాశం ఉంది. ఆ మనిషి రేపు బయటికొచ్చి "నేను ఇంత ఇచ్చాను" అంటే రుజువు ఏది? పోలీసు స్టేషన్‌లో ఏం చూపిస్తారు? పట్టుకున్న బంగారం, నగదు పన్ను కేసులో భాగం అవుతాయి. అవి ఇచ్చిన భక్తుడి ఇంటికి తిరిగి రావు. టీవీలో మనం చూసిన నోట్ల కట్టలు ప్రభుత్వానికీ ఆశ్రమానికీ మధ్య గొడవ. మూడో పక్షం గురించి ఎవరూ మాట్లాడలేదు.

దీక్ష పొందినవాళ్లు ఒక రకమైన మత్తులో ఉన్నట్టు కనిపిస్తున్నారని, వాళ్లకేదో ఇస్తున్నారని స్థానికులు, మాజీ భక్తులు టీవీ ఛానెళ్ల ముందు ఆరోపించిన సందర్భాలున్నాయి. ఆశ్రమం వాటిని కొట్టిపారేసింది. ఆ రెండు మాటల మధ్య నిజం ఏదో తేల్చాల్సింది దర్యాప్తే. కానీ ఫిర్యాదు చేసినవాళ్ల వెనక వాళ్ల సొంత కుటుంబాలు కూడా నిలబడకపోతే ఏ దర్యాప్తూ ముందుకు నడవదు.

మంచి పనీ, ఫిర్యాదూ రెండూ ఉన్నచోట

ఫిర్యాదు చేసినవాళ్లకి ఏమవుతుందో తెలియాలంటే పుట్టపర్తి చూడాలి. మాజీ భక్తుల మాటలు ఇంతగా రికార్డు అయిన ఆధ్యాత్మిక సంస్థ తెలుగు నేల మీద ఇంకోటి లేదేమో.

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. నెల్లూరు జిల్లా కండలేరు నుంచి తమిళనాడు పూండికి తెలుగు గంగ నీళ్లు వెళ్లే కాలువ ఒకప్పుడు చాలాచోట్ల పాడైపోయి, నీళ్లు దారిలోనే ఇంకిపోయేవి. 2000ల మొదట్లో సత్యసాయి ట్రస్టు ఆ కాలువకి లైనింగ్ చేయించింది. అనంతపురం జిల్లాలో వందల గ్రామాలకి తాగునీరు ఇచ్చింది. పుట్టపర్తిలో 1991లో పెట్టిన సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో మతం అడక్కుండా ఉచితంగా గుండె ఆపరేషన్లు చేశారు. ఇది చిన్న విషయం కాదు, దీన్ని తక్కువ చేసి మాట్లాడటం న్యాయం కాదు.

అదే సమయంలో ఇంకోటి కూడా జరిగింది. టాల్ బ్రూక్ అనే అమెరికన్ భక్తుడు 1970లలోనే బయటికొచ్చి పుస్తకం రాశాడు. 2000లో డేవిడ్ బెయిలీ, ఆయన భార్య ఫే 'ది ఫైండింగ్స్' పేరుతో మాజీ భక్తుల ఆరోపణలన్నీ ఒకచోట చేర్చారు. యువకుల మీద లైంగిక వేధింపులు జరిగాయన్నది ఆ ఆరోపణల్లో ముఖ్యమైనది. అదే ఏడాది పుట్టపర్తిలో జరగాల్సిన విద్యా సదస్సు నుంచి యునెస్కో తప్పుకుంది. 2004లో బీబీసీ 'ది సీక్రెట్ స్వామి' పేరుతో డాక్యుమెంటరీ ప్రసారం చేసింది. సంస్థ ఈ ఆరోపణలన్నిటినీ ఖండించింది. మన దేశంలో ఏ కోర్టూ వాటి మీద విచారణ జరిపి తీర్పు చెప్పలేదు. 2011 ఏప్రిల్ 24న సత్యసాయి మరణించారు. ఇక ఆ విచారణ జరిగే అవకాశమే లేదు.

మధ్యలో, 2001 డిసెంబరులో, అప్పటి ప్రధాని వాజ్‌పేయితో పాటు మరికొందరు ప్రముఖులు ఆ ఆరోపణలన్నీ కట్టుకథలని కొట్టిపారేస్తూ ఒక బహిరంగ లేఖ మీద సంతకాలు చేశారు. అందులో సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తులు ఉన్నారు. నజ్మా హెప్తుల్లా కూడా ఉన్నారు.

ఆ లేఖని ఒక మాజీ భక్తుడి వైపు నుంచి చదవండి. మీరు ఇరవై ఏళ్ల కుర్రాడు. మీకు జరిగింది చెప్పుకోవాలని ధైర్యం చేశారు. అవతల దేశ ప్రధాని, మాజీ న్యాయమూర్తులు విచారణ లేకుండానే తీర్పు చెప్పేశారు. ఆరోపణ నిజమో కాదో నేను చెప్పలేను, చెప్పే అర్హత కూడా నాకు లేదు. కానీ మంచి పని చేసిన సంస్థ మీద ఫిర్యాదు రాకూడదు, వస్తే అది అబద్ధమే అని ముందే అనుకోవడం పెద్ద తప్పు. ఆసుపత్రి కట్టినవాళ్ల మీద కూడా ఫిర్యాదు వినాలి. మదర్సా నడిపేవాళ్ల మీద కూడా వినాలి. పేరు మోసిన పీర్ సాబ్ మీద కూడా వినాలి.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం

ఇక్కడిదాకా చదివినవాళ్లలో కొందరు ఇవన్నీ వాళ్ల సంగతులు, మనకి తౌహీద్ ఉంది, ఖత్మె నుబువ్వత్ ఉంది, మనకి ఇలాంటివి జరగవు అనుకుని ఉండొచ్చు. ఒంగోలు వెళ్దాం.

1904లో గుంటూరు జిల్లా ఏర్పడే దాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే. అక్కడి జ్యూయెట్ మెమోరియల్ బాప్టిస్టు చర్చికి ఆ పేరు నెల్లూరులో ఏళ్ల తరబడి పనిచేసిన అమెరికన్ మిషనరీ లైమన్ జ్యూయెట్ వల్ల వచ్చింది. 2000 జూన్ 8న ఆ చర్చిలో బాంబు పేలింది. అదే రోజు తాడేపల్లిగూడెంలో, గోవాలోని వాస్కోలో, కర్ణాటకలోని వాడిలో కూడా చర్చిల్లో పేలుళ్లు. జులై 9న బెంగళూరులో చర్చి పేలుడు జరిగిన రాత్రే ఒక వ్యానులో తీసుకెళ్తున్న బాంబు పేలింది. అందులో ఉన్నవాళ్లలో ఇద్దరు చనిపోయారు. అక్కడి నుంచి తీగ లాగితే దీన్‌దార్ అంజుమన్ పేరు బయటికొచ్చింది.

ఈ అంజుమన్ కథ 1924లో మొదలైంది. గుల్బర్గా ప్రాంతానికి చెందిన సిద్దీఖ్ హుస్సేన్ అనే ఆయన తాను లింగాయతులు ఎదురుచూస్తున్న చన్నబసవేశ్వరుడినని ప్రకటించుకున్నాడు. అన్ని మతాలూ ఒకటే అనే ప్రచారం, దాని లోపల అందర్నీ ఇస్లాంలోకి తేవాలనే లక్ష్యం. హైదరాబాద్ ఆసిఫ్‌నగర్‌లో కేంద్రం. ఆయన 1952లో చనిపోయాడు. ఉలమా మొదటి నుంచీ ఆయన ప్రకటనల్ని ఒప్పుకోలేదు, ఆ జమాత్‌ని ఇస్లాం బయటిదనే అన్నారు. పాకిస్తాన్‌లో స్థిరపడిన ఆయన కొడుకు ఈ పేలుళ్ల వెనక ఉన్నాడన్నది పోలీసుల అభియోగం. 2001లో కేంద్రం సంస్థని నిషేధించింది. 2008 నవంబరులో బెంగళూరు ప్రత్యేక కోర్టు 11 మందికి మరణశిక్ష వేసింది. తర్వాత హైకోర్టులో ఆ శిక్షలు యావజ్జీవంగా మారాయి.

ఇది మన చరిత్రే. "వాళ్లు ముస్లింలే కాదు" అని మనం చెయ్యి దులుపుకోవచ్చు. అఖీదా పరంగా ఉలమా చెప్పింది సరైనదే. కానీ ఆ జమాత్‌లో పుట్టిన పిల్లాడి సంగతి ఆలోచించండి. వాడు దాన్ని ఎంచుకోలేదు. తండ్రి, తాత అందులో ఉన్నారు. బయట అందరూ వాణ్ని వేలెత్తి చూపిస్తారు. వాడికి అనుమానం వచ్చిన రోజున ఏ మస్జిద్‌కి వెళ్లాలి? ఏ ఇమాం సాబ్ దగ్గర కూర్చోవాలి? ఎవరింట్లో పెళ్లి సంబంధం దొరుకుతుంది? ఫత్వా ఒక గీత గీస్తుంది. అది ఉండాల్సిందే. కానీ గీతకి అవతల ఉన్నవాడు ఇటు రావాలంటే దారి కూడా ఉండాలి. ఆ దారి వేసే పని మనం చెయ్యలేదని నా అభిప్రాయం.

నిషేధం తర్వాత ఇంకోటి జరుగుతుంది. నేరంతో ఏ సంబంధం లేని కుటుంబాలు కూడా జీవితాంతం ఆ పేరు మోస్తాయి. వాళ్లు నోరు విప్పరు. నోరు విప్పితే ఇల్లు అద్దెకి రాదు, ఉద్యోగం ఉండదు. సౌమ్యంగా మాట్లాడే ఒక ప్రచార జమాత్‌లో కొందరు కుర్రాళ్లు బాంబుల దాకా ఎలా వెళ్లారో లోపలి నుంచి చెప్పగలిగినవాళ్లు వాళ్లే. వాళ్ల మౌనం వల్ల నష్టపోయింది మనమే. ఒంగోలు చర్చిలో ప్రార్థనకి వెళ్లే మన క్రైస్తవ పొరుగువాళ్లకి కూడా ఆ సమాధానం మనం బాకీ ఉన్నాం.

ఇంట్లో అడగాల్సిన ప్రశ్నలు

మన నెల్లూరులో రొట్టెల పండగకి బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో లక్షల మంది రొట్టెలు మార్చుకుంటారు. అందులో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు అందరూ ఉంటారు. ఆశతో వచ్చే మనిషిని నేను తప్పు పట్టడం లేదు. ఆశ ఉన్నచోట దాన్ని అమ్ముకునేవాడు కూడా తిరుగుతుంటాడు, అంతే. తావీజు రాసే ఆమిల్ కావచ్చు, జిన్ను వదిలిస్తానని గదిలోకి పిలిచేవాడు కావచ్చు, హలాల్ లాభం పేరుతో డిపాజిట్లు అడిగేవాడు కావచ్చు, కుర్రాళ్లని ఇంటికి దూరం చేసే కొత్త ఉస్తాద్ కావచ్చు. ఏ పేరుతో వచ్చినా కొన్ని ప్రశ్నలు అడగండి.

లెక్క అడిగితే కోపం వస్తుందా? చందా ఇస్తే రసీదు ఇవ్వాలి. ట్రస్టుకి ఏటా ఆడిట్ ఉంటుంది. 80జీ కింద పన్ను మినహాయింపు కావాలంటే 2,000 రూపాయలు దాటిన నగదు చందా చెల్లదు, అంటే పెద్ద మొత్తాలు బ్యాంకు ద్వారా ఇవ్వాలనే చట్టం కోరుకుంటోంది. అంతా నగదే కావాలనేవాళ్ల దగ్గర ఒక్క నిమిషం ఆగండి.

ఇంకో ఆలింని అడిగి వస్తానంటే వద్దంటున్నారా? దీన్ తెలిసినవాడు రెండో అభిప్రాయానికి భయపడడు.

మందులు మానేయమంటున్నారా? షుగరు మాత్రలు, మూర్ఛ మాత్రలు, మానసిక జబ్బు మాత్రలు ఎవరు మానేయమన్నా అది ప్రమాదం. అద్భుత వైద్యం పేరుతో ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు.

ఇంటివాళ్లతో మాట్లాడొద్దంటున్నారా? అమ్మీ అబ్బాతో తెంచుకోమని చెప్పేది ఎంత పెద్ద పేరున్న జమాత్ అయినా, ఎంత పెద్ద గడ్డం ఉన్న మనిషి అయినా అనుమానించాల్సిందే.

చివరిది, ఇక రాను అంటే ఏమవుతుంది? మామూలు చోటైతే ఖుదా హాఫిజ్ చెప్పి పంపిస్తారు. శాపాలు, బెదిరింపులు, రహస్యాలు బయటపెడతామనే మాటలు వస్తే అది మతం పేరుతో నడిచే జైలు.

తిరిగొచ్చినవాళ్లతో ఎలా ఉండాలి?

పై ప్రశ్నలన్నీ వెళ్లకముందు పనికొస్తాయి. అప్పటికే వెళ్లినవాళ్లకి కావాల్సింది వేరు.

వాళ్లు ఫోన్ చేస్తే తియ్యండి. గొడవపడి ఫోన్ బ్లాక్ చేసిన ప్రతి ఇల్లూ ఆ గురువుకి సాయం చేస్తున్నట్టే. నీకు మేం తప్ప ఎవరూ లేరు అని ఆయన చెప్పే మాటని మనమే నిజం చేస్తున్నాం. ఈద్‌కి పిలవండి. వాళ్ల బాబా గురించి కాకుండా పిల్లల గురించి, ఆరోగ్యం గురించి మాట్లాడండి. బిర్యానీ పెట్టండి.

వచ్చేసిన రోజున "నేను ముందే చెప్పా కదా" అనే మాట నోట్లోనే మింగేయండి. ఎంత డబ్బు పోయింది అనేది మొదటి ప్రశ్న కాకూడదు. ఆడపిల్ల అయితే మరీ జాగ్రత్త. ఏం జరిగి ఉంటుందో అని బంధువులు ఊహించుకుని మాట్లాడే మాటలకి భయపడే చాలామంది అమ్మాయిలు లోపలే ఉండిపోతారు. చెప్పుకోవాలనుకున్న రోజున వినే ఖాలా ఒకరు ఇంట్లో ఉండాలి. నేరం జరిగి ఉంటే పోలీసు దాకా తోడు వెళ్లాలి. రసీదులు, మెసేజులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు పారేయకుండా దాచాలి. నిద్ర పట్టకపోయినా, ఊరికే భయం వేస్తున్నా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మస్జిద్ కమిటీలకి కూడా ఒక మాట. జుమా ఖుత్బాలో తప్పుడు జమాత్‌ల గురించి హెచ్చరించడం మంచిదే. దాంతోపాటు అలాంటి చోటు నుంచి వచ్చేసినవాళ్లు ఇమాం సాబ్‌ని ఒంటరిగా కలవొచ్చని, వాళ్ల విషయం బయటికి పోదని కూడా చెప్పండి. ఆ ఒక్క వాక్యం వినడానికే వెనక వరసలో ఎవరో కూర్చుని ఉండొచ్చు.

తౌబాకి తలుపు తెరిచే ఉంటుందని మనం చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాం. అల్లాహ్ తెరిచి ఉంచిన తలుపుని మొహల్లా వాళ్లు మూసేస్తే ఎలా? రెండేళ్లుగా కనపడని మనిషి ఏదో ఒక రోజు ఇషా నమాజుకి వచ్చి చివరి వరసలో తలొంచుకుని నిలబడితే, ఎక్కడికెళ్లావని అడక్కండి. కాస్త జరిగి సఫ్‌లో చోటివ్వండి. సలాం తిప్పాక టీ తాగడానికి రమ్మనండి. మిగతాది వాళ్లే చెప్తారు.